కొల్లేరు బాకీ ఎవరు తీర్చాలి?

పర్యావరణం మీద ఏ సభ జరిగినా, పిల్లల చేత ఏ ప్రతిజ్ఞ చేయించినా చివరికి చేరేది ఒకే మాట దగ్గరికి: ప్రకృతిని కాపాడటం మనందరి బాధ్యత. కాదనేవారు లేని మాట కాబట్టే దాన్ని నిలదీసి అడగాల్సి ఉంది. అందరి బాధ్యత అన్నప్పుడు ఎవరి వాటా ఎంత? వాటాలు తేల్చకుండా పంచిన భారం ఎవరి నెత్తిన పడుతుంది? సుస్థిరాభివృద్ధికి ఇవాళ అందరూ చెప్పే నిర్వచనం 1987 నాటిది. నార్వే ప్రధాని గ్రో హార్లెం బ్రంట్లాండ్ అధ్యక్షతన ఐక్యరాజ్యసమితి నియమించిన కమిషన్ దాన్ని ఇచ్చింది. రేపటి తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి దెబ్బ తగలకుండా నేటి తరం తన అవసరాలు తీర్చుకోవాలి అన్నది దాని సారం. పాఠ్యపుస్తకాల్లోకీ ఉపన్యాసాల్లోకీ ఇంతే వచ్చింది. అవసరాలంటే ముందుగా పేదల కనీస అవసరాలని, అన్నిటికన్నా పెద్దపీట వాటికే వేయాలని అదే నివేదిక ఆ వెంటనే చెప్పింది. ఆ రెండో భాగం దారిలో జారిపోయింది. అది జారిపోవడంతో నేటి తరమంతా ఒకే ముద్దగా, ఒకే నేరస్థుడిగా కనిపించడం మొదలైంది. 1992లో రియో సదస్సు దేశాల మధ్య ఈ పొరపాటును కొంత సరిచేసింది. బాధ్యత ఉమ్మడిదే అయినా అందరికీ సమానం కాదని, ఎక్కువ పాడుచేసిన దేశాలు, ఎక్కువ స్తోమత ఉన్న దేశాలు ఎక్కువ మోయాలని ఒప్పుకుంది. వాతావరణ సదస్సుల్లో భారతదేశం ఈ సూత్రాన్ని గట్టిగా పట్టుకుని మాట్లాడుతుంది, మాట్లాడాలి కూడా. కానీ అదే సూత్రాన్ని దేశం లోపల, ఒక జిల్లాలో, ఒక సరస్సు దగ్గర వర్తింపజేయడానికి మనం సిద్ధంగా లేమని కొల్లేరు కథ చెబుతోంది.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా చిన్నాపెద్దా వాగులు, రెండు డెల్టాల మురుగు కాలువలు అందులోకి దిగుతాయి. బయటికి వెళ్లే దారి మాత్రం ఒక్కటే: ఉప్పుటేరు. వంపులు తిరుగుతూ అరవై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అది బంగాళాఖాతంలో కలుస్తుంది. కొల్లేటి విస్తీర్ణాన్ని అక్కడివాళ్లు కాంటూరుల్లో చెబుతారు. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున నీరు నిలిస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. అయిదు అడుగుల దగ్గర 308. మూడు అడుగులకు దిగితే సుమారు 135. వానాకాలంలో వచ్చిన వరదను పొట్టలో పెట్టుకుని, మెల్లగా సముద్రానికి వదిలి, వేసవిలో ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆపడం ఆ సరస్సు చేసే పని. ఏ శాఖ బడ్జెట్‌లోనూ లెక్కకు రాని ఆ పని మీదే డెల్టాలో పంట పొలాలూ, లంక గ్రామాల బతుకూ ఆధారపడి ఉన్నాయి. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, జెల్ల వంటి నల్లచేపలు, నాటు పడవలు, చేపలు పట్టే మావులు, ఆటపాక చెట్ల మీద గూడబాతుల గూళ్లు, కిక్కిస పొదలు అన్నీ ఆ నీటి ఎగుడుదిగుళ్ల మీదే బతికాయి.

ఇక్కడ చేపల చెరువులు ఆక్రమణగా మొదలు కాలేదు. చాలామంది మరిచిపోయే విషయం ఇదే, నా వాదన అంతా నిలబడేదీ దీని మీదే. అప్పట్లో కొల్లేటిలో వరి వేసినా ఏటా చేతికొస్తుందన్న భరోసా లేదు, వరదొస్తే పంట నీటిపాలే. లంకల్లో వడ్డీ కులపు మత్స్యకారులు, దళితులు పేదరికంలో మగ్గుతున్నారు. 1970ల రెండో సగంలో, జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో, వాళ్లకు జీవనోపాధి చూపించడానికి ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, సరస్సు గర్భంలో చేపల చెరువులకు భూమి కేటాయించింది. ఉద్దేశం మంచిదే. కానీ చెరువు తవ్వాలన్నా, గట్టు పోయాలన్నా, పిల్లలు వదిలి మేత వేయాలన్నా లక్షల పెట్టుబడి కావాలి. భూమి ఇచ్చిన ప్రభుత్వం పెట్టుబడికి దారి చూపలేదు. ఆ ఖాళీలోకి బయటి డబ్బు వచ్చింది. కాగితం మీద సొసైటీ పేరు, చెరువు మీద లీజుదారు అజమాయిషీ. లీజు డబ్బులో కొంత ఊరికి, గుడికి, ఇంటింటికీ పంచారు, లాభం మాత్రం ఊరు దాటిపోయింది. 1980లు, 90లలో ఈ పద్ధతి సొసైటీ భూముల నుంచి ప్రభుత్వ భూముల్లోకి, అక్కడి నుంచి నీరున్న ప్రతిచోటుకీ పాకింది. 2001 నాటి ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన శాస్త్రవేత్తలకు సరస్సు లోపలే వెయ్యి పైచిలుకు చెరువులు కనిపించాయి. సరస్సులో దాదాపు నలభై శాతం అప్పటికే గట్ల మధ్య ఇరుక్కుపోయింది.

గట్టు అనేది మామూలు మట్టికట్టే, కానీ అది చేసే పని పెద్దది. అది ఉమ్మడి నీటిని సొంత నీరుగా మారుస్తుంది. అంతకుముందు ఎవరైనా పడవ వేసుకుని వెళ్లి వల వేయగలిగిన చోట, గట్టు పడ్డాక కాపలావాడు నిలబడతాడు. వరద ఉప్పుటేరు వైపు సాగే దారి మూసుకుపోయి, ఎగువ పొలాల్లో నీరు రోజుల తరబడి నిలుస్తుంది. పట్టుబడి అయ్యాక చెరువు తోడి వదిలిన నీటిలో మేత మిగులూ, మందులూ సరస్సులోకి వస్తాయి. నిషేధం ఉన్నా కోళ్ల వ్యర్థాలను మేతగా వేసే చెరువుల సంగతి వార్తల్లో పడుతూనే ఉంటుంది. సరస్సులో మంచినీటి మట్టం తగ్గిన వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు పైకొస్తుంది. చుట్టూ నీళ్లున్నా తాగే నీటి కోసం లంక గ్రామాలు ట్యాంకర్ల వైపు చూడాల్సి రావడం వెనక ఇవన్నీ ఉన్నాయి. ఉమ్మడి ఆస్తి అంటేనే ఎవరికీ పట్టదు, అందుకే పాడైపోతుంది అని ఒక సిద్ధాంతం ప్రచారంలో ఉంది. కొల్లేటిలో జరిగింది దానికి తలకిందులు. ఉమ్మడిగా ఉన్నంతకాలం నిలిచిన సరస్సు, ముక్కలు చేసి సొంతం చేసుకున్నాకే చితికింది. సమష్టి వనరులను జనం తమ కట్టుబాట్లతో తరాల తరబడి కాపాడుకోగలరని ఎలినార్ ఆస్ట్రామ్ దేశదేశాల ఉదాహరణలతో నిరూపించి 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. పాడుచేసింది ఉమ్మడితనం కానప్పుడు, నష్టాన్ని ఉమ్మడిగా మోయమనడం ఏం న్యాయం?

1999లో ప్రభుత్వం +5 కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా కాపాడతామని దేశం మాట ఇచ్చింది. 2006లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ కదలికతో, కోర్టు ఆదేశాలతో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ హయాంలో ‘ఆపరేషన్ కొల్లేరు’ నడిచింది. పొక్లెయిన్లు దిగి వేల ఎకరాల్లో చెరువుల గట్లు తెగ్గొట్టాయి. ఆ పని జరగాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. నిజానికి అంతకు ఇరవై ఏళ్ల ముందే జరగాల్సింది. కానీ గట్టు తెగిన రోజు ఎవరు ఏం పోగొట్టుకున్నారో చూడండి. లీజుదారుకు పోయింది ఒక పంట. అప్పటికే ఏళ్ల తరబడి తీసుకున్న లాభాన్ని ఎవరూ తిరిగి అడగలేదు. అతను మరో మండలంలో, డెల్టా పొలాల్లో, కొత్త చెరువు తవ్వుకోగలడు. సొసైటీ సభ్యుడికి మాత్రం లీజు వాటా పోయింది, చెరువు మీద కూలి పోయింది. పోయిన వాటి స్థానంలో నల్లచేపల సరస్సు మళ్లీ దొరుకుతుందా అంటే, అది అప్పటికే సగం పాడై ఉంది. పునరావాసం గురించి ఇచ్చిన హామీలు గట్లు తెగినంత వేగంగా నడవలేదు. కొన్నేళ్లు తిరక్కుండానే గట్లు మళ్లీ లేచాయి. ఈ వ్యవహారం నేటికీ కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఇదే 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తిరుపతికి చెందిన మరో కేసులో తీర్పు చెప్పింది. అవిలాల చెరువు భూమిని హౌసింగ్ బోర్డుకూ, పేరూరు చెరువు భూమిని తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ (తుడా)కూ ప్రభుత్వం కట్టబెడితే, ఇంటలెక్చువల్స్ ఫోరం అనే స్థానిక సంస్థ కోర్టుకెక్కింది. చెరువుల వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే, రాబోయే తరాలకూ అందులో హక్కుందని కోర్టు స్పష్టంగా చెప్పింది. మన నేల మీద పుట్టిన కేసులో సుస్థిరత గురించి వచ్చిన గొప్ప తీర్పు ఇది. అయినా అప్పటికే కట్టేసిన ఇళ్లను కూల్చమనలేదు. ఇక ముందు కట్టొద్దని, వాననీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాట్లు చేయాలని ఆదేశించింది. ఇళ్లు కొనుక్కున్న కుటుంబాల మీద జాలి చూపడాన్ని నేను తప్పుపట్టడం లేదు. రెండు చోట్లా మొదటి నిర్ణయం ప్రభుత్వానిదే. ఒకచోట చెరువు భూమిని గృహనిర్మాణ సంస్థలకు ఇచ్చింది, మరోచోట సరస్సు భూమిని చేపల సొసైటీలకు ఇచ్చింది. ఒకచోట నమ్మి వచ్చినవాళ్లకు ఊరట దొరికింది, మరోచోట పొక్లెయిన్ వచ్చింది. ధర్మకర్త తప్పు చేస్తే శిక్ష లబ్ధిదారు మీద పడటం ఏ న్యాయశాస్త్రంలోనూ లేదు. కొల్లేటిలో జరిగింది అదే. మొదటి గట్టుకు అనుమతిచ్చిన శాఖల నుంచీ, ఆ తర్వాత అక్రమ గట్లను చూస్తూ ఊరుకున్న అధికారుల నుంచీ ఒక్క రూపాయి గాని, ఒక్క వివరణ గాని ప్రజలకు రాలేదు.

మత్స్యకారులు కూడా లీజు డబ్బు తీసుకున్నారు కదా, వాళ్లకు తెలిసే భూములు అప్పజెప్పారు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ల వాటా సున్నా అని నేను అనను. పేదవాడు ఏం చేసినా ఒప్పేననే వాదన పేదవాడిని కూడా చిన్నబుచ్చుతుంది. సొసైటీ పెద్దల్లో కొందరు ఊరి పేరు చెప్పి సొంతానికి బాగుపడ్డ మాటా నిజమే. కానీ బాధ్యతను కొలవడానికి రెండు ప్రశ్నలు వేయాలి. వేరేలా చేసే అవకాశం ఎవరి చేతిలో ఉంది? వచ్చిన లాభం ఎవరి చేతికి వెళ్లింది? పెట్టుబడి లేని మనిషికి భూమి ఇచ్చి, నీటి మధ్య ఊళ్లో కూర్చోబెట్టి, లీజుకు ఇవ్వడం తప్ప దారి లేకుండా చేసి, ఆ తర్వాత లీజుకు ఎందుకిచ్చావని అడిగితే ఆ ప్రశ్నలో సగం అడిగినవాడికే తగులుతుంది. లీజుదారుకు మాత్రం ఎన్నో దారులున్నాయి. అతను డబ్బుతో వచ్చాడు, సరస్సు భూమి చట్టబద్ధంగా తనకు చెందదని తెలిసీ బినామీ పేర్లతో వచ్చాడు. పైగా గట్టు దాచిపెడితే దాగే వస్తువు కాదు. యంత్రాలు దిగాలి, రోజుల తరబడి మట్టి ఎత్తాలి, లారీల్లో మేత రావాలి, ఐసు పెట్టెల్లో చేప పోవాలి. ఇదంతా రెవెన్యూ, మత్స్య, అటవీ శాఖల కళ్ల ముందే జరుగుతుంది. కాబట్టి నా లెక్కలో మొదటి వాటా ప్రభుత్వానిది, రెండోది పెట్టుబడి పెట్టి లాభం తీసుకున్నవారిది, సొసైటీ సభ్యుడిది ఆ రెండిటికీ చాలా వెనక.

దీనికన్నా బలమైన అభ్యంతరం మరొకటి ఉంది. చేపల సాగు వల్ల ఈ ప్రాంతం బాగుపడింది, చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది, కోల్‌కతా, అస్సాం మార్కెట్లకు ఇక్కడి శీలావతి, బొచ్చె వెళ్తున్నాయి, వేలమందికి పని దొరికింది. అలాంటప్పుడు అభయారణ్యాన్ని +5 నుంచి +3 కాంటూరుకు కుదించి, మిగతా భూమిని జనానికి వదిలేస్తే తప్పేమిటి? 2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభే ఆ మేరకు తీర్మానం చేసింది. పార్టీలు మారినా కోరిక మారలేదు. ఇక్కడ రెండు వేరు విషయాలను కలిపేస్తున్నారు. చేపల సాగు వేరు, సరస్సు గర్భంలో చేపల సాగు వేరు. మొదటిదాన్ని ఎవరూ వద్దనడం లేదు. పల్లపు పొలాల్లో, అనుమతులతో, నీటి శుద్ధి నిబంధనలతో అది సాగవచ్చు. రెండోది మాత్రం ఒక పరిశ్రమ ఖర్చును పక్కవాడి ఖాతాలో రాయడం. సరస్సు 308 నుంచి 135 చదరపు కిలోమీటర్లకు తగ్గితే వరద తగ్గదు, వరద నిలిచే చోటు తగ్గుతుంది. మిగిలిన నీరు వరి చేలల్లో, లంకల్లో, పట్టణ శివార్లలో నిలబడుతుంది. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ +5ను తగ్గించవద్దని చెప్పింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు దానికి గండ్లూ, కాలువ ఆక్రమణలూ ప్రధాన కారణాలు, దాన్ని కొల్లేటి మీదికి నెట్టడం సరికాదు. అయినా ఆ నీళ్లన్నీ చివరికి దిగాల్సింది కొల్లేటిలోకేనన్నది మరవకూడదు. కింద సరస్సును కుదించి పైన కాలువకు ఎన్ని మరమ్మతులు చేసినా సగం పనే అవుతుంది. ఇక శాసనసభ తీర్మానం ప్రజల కోరికే కదా అంటారా? తిరుపతి తీర్పు చెప్పింది సరిగ్గా దీని గురించే. ధర్మకర్తకు ఆస్తిని నడిపే అధికారం ఉంటుంది గాని, దాన్ని అమ్ముకునే అధికారం ఉండదు. రేపు పుట్టబోయే లంక బిడ్డకు ఆ తీర్మానంలో ఓటు లేదు.

చేప కొని తినేవాడికి బాధ్యత లేదా అని కూడా అడుగుతారు. నగరాల్లో పర్యావరణ చర్చ ఎక్కువగా ఈ దిక్కుకే మళ్లుతుంది: మనం కొనే వస్తువు మార్చుకుందాం, సంచి మార్చుకుందాం, అలవాటు మార్చుకుందాం. ఆ మార్పులు మంచివే. కానీ కోల్‌కతా బజారులో బొచ్చె ముక్క కొనే గృహిణికి ఆ చేప కైకలూరు దగ్గర సరస్సు లోపలి చెరువులోదో, బయట పొలం చెరువులోదో తెలిసే దారి లేదు. తెలియనివాడి మీద నైతిక భారం మోపితే, తెలిసినవాడికి ఊపిరి పీల్చుకోవడానికి సందు దొరుకుతుంది. వినియోగదారుకు బాధ్యత రావాలంటే ముందు సమాచారం రావాలి. ఆ సమాచారం ఇవ్వగలిగింది చెరువు రిజిస్ట్రేషన్లు చూసే ప్రభుత్వం, సరుకు కొని ఎగుమతి చేసే వ్యాపారి. అందుకే వినియోగదారు వాటా కూడా మళ్లీ వాళ్ల గుమ్మం ముందుకే వస్తుంది. ఎగువ పట్టణాల మురుగు, డెల్టా పొలాల నుంచి వచ్చే పురుగుమందుల నీరు కూడా కొల్లేటిని పాడుచేస్తున్నాయి, అది వాస్తవం. వాటిని శుద్ధి చేయాల్సిన బాధ్యత ఆయా పురపాలక సంస్థలది, పరిశ్రమలది. ఎవరు పాడుచేస్తే వాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం మన చట్టంలో భాగమేనని 1996లోనే సుప్రీంకోర్టు వెల్లూరు కేసులో తేల్చింది. ఆ సూత్రాన్ని కొల్లేటి దాకా తీసుకురావడమే మిగిలింది.

అలా తీసుకొస్తే మొదట తేలాల్సింది జిరాయితీ భూముల సంగతి. +5 కాంటూరు లోపల వేల ఎకరాలు రైతుల సొంత పట్టా భూములు. అభయారణ్యం ప్రకటించినప్పుడు వాళ్ల హక్కులు తేల్చి పరిహారం ఇవ్వాల్సింది. దశాబ్దాలు గడిచినా అది తేలలేదు. సొంత భూమిలో సాగు చేసుకోలేక, పరిహారం అందక నలిగిన రైతు +3 నినాదం వెనక నిలబడితే అతన్ని పర్యావరణ ద్రోహి అనడం అన్యాయం. ఆ రైతు అసంతృప్తిని అడ్డం పెట్టుకుని బినామీ లీజుదారు తన గట్టు నిలుపుకుంటున్నాడు. ఈ ఇద్దరినీ విడదీయడమే కొల్లేటి పరిరక్షణలో అసలు రాజకీయ పని. పరిహారానికి డబ్బెక్కడిదని ప్రభుత్వాలు అంటాయి. ప్రతి వరదకూ పంట నష్టం, తక్షణ సాయం, గండ్ల పూడ్చివేత, మంచినీటి ట్యాంకర్ల కింద పెట్టే ఖర్చు ఏటా ఏదో ఒక పద్దులో పోతూనే ఉంది. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ కాలం నుంచీ ఉప్పుటేరును వెడల్పు చేయాలన్న మాట వినిపిస్తూనే ఉంది. ఇవన్నీ ఒకచోట కూర్చి చూస్తే కొల్లేటిని కాపాడకపోవడం చవకేమీ కాదని తెలుస్తుంది. ఆ ఖర్చు ప్రభుత్వ లెక్కల్లో చెల్లాచెదురుగా ఉంది కాబట్టే కనిపించడం లేదు, చెల్లించేది ఎక్కువగా పేదలే కాబట్టే వినిపించడం లేదు.

ఇప్పుడు చేయాల్సింది మరో విడత గట్లు తెగ్గొట్టి ఫొటోలు దిగడం కాదు. కొల్లేటి లోపల ఉన్న ప్రతి చెరువుకూ సర్వే నంబరు, పట్టా ఎవరిది, సొసైటీ ఏది, ఈ ఏడాది నిజంగా సాగు చేస్తున్నది ఎవరు, పెట్టుబడి ఎవరిది అనే వివరాలతో ఒక జాబితా తయారుచేసి గ్రామసభల్లో చదివి వినిపించాలి. ఎవరి చెరువు ఎవరి చేతిలో ఉందో లంక గ్రామాల్లో ప్రతి ఇంటికీ తెలుసు, తెలియనట్లు ఉండేది ప్రభుత్వ దస్త్రాలకే. ఆ జాబితా వచ్చాక గట్టు తొలగించే ఖర్చు, సరస్సును బాగుచేసే ఖర్చు మొదట లీజుదారు నుంచి వసూలు చేయాలి. కళ్లు మూసుకున్న అధికారుల నుంచి సంజాయిషీ తీసుకోవాలి. సొసైటీ సభ్యులకు గట్టు తెగకముందే సరస్సులో చేపలు పట్టుకునే హక్కును రాతపూర్వకంగా ఇవ్వాలి. నాటు చేపలు తిరిగి పెరిగేదాకా పూట గడిచే ఏర్పాటు చేయాలి. జిరాయితీ రైతుకు పరిహారం చేతికి అందాకే అతని భూమి జోలికి వెళ్లాలి. కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు. రెవెన్యూ, మత్స్య, అటవీ శాఖలు ఒక బల్ల దగ్గర కూర్చుని, తమ దస్త్రాలు ఒకదానితో ఒకటి సరిచూసుకుంటే సరిపోతుంది. ఆ బల్ల దగ్గరికి లంక గ్రామాల మత్స్యకారులను కూడా పిలవాలి. 1970ల్లో వాళ్ల పేరు మీద భూమి ఇచ్చినప్పుడు ఏ చెరువు ఎక్కడ తవ్వాలో వాళ్లను అడిగి ఉంటే, నీరు ఏ దారిన పోతుందో వాళ్లే చెప్పి ఉండేవారు.